సెల్‌ఫోను చాటింపు: అంటుమాడ్యూళ్లను వ్రాయు విధము

మన కరీంనగరము, ఆదిలాబాదు సీమల పల్లెలలో చాటింపు ననుభవమున నెఱుగనివారు లేరు. సంత దినము మాఱినను, పన్ను గడువు సమీపించినను, చెఱువుకట్టకు గండి పడునట్లు తోచినను వీధిలో డప్పు మ్రోగెడిది. దాని చప్పుడు వినగనే జనులు చేతిలోని పని నిలిపి చెవియొగ్గెడివారు. తూములను కాచి పొలములకు నీరు పంచెడి నీరటికాడు వానకాలపు రాత్రులయందు కట్టపై కావలియుండి, అపాయము గనిపించినచో ఊరిని మేల్కొలిపెడివాడు.

నేడు ఆ డప్పు సెల్‌ఫోనులో ప్రవేశించినది. ఫోను తెఱపై తటాలున గనబడు చిన్న వార్తకు నోటిఫికేషన్ అని పేరు. ఇది మన చాటింపే. ఇట్టి చాటింపును వేయునట్టి చిన్న ప్రోగ్రామును, అనగా మాడ్యూలును, ఎట్లు కల్పింతురో పై తరగతుల విద్యార్థులకు బోధపఱచుట యీ వ్యాసముయొక్క ఉద్దేశము. ఇందు ఒక్క విషయమును మొదటినుండియు మనసున నుంచుకొనవలెను. డప్పు కొట్టుట సులభము; ఎప్పుడు కొట్టరాదో యెఱుగుట కష్టము. నోటిఫికేషన్ మాడ్యూలు వ్రాయువాని విద్యలో ముప్పాతిక పాలు ఈ రెండవదానియందే యున్నది.

1. అంటుమాడ్యూలు అనగా నేమి

ఫోనులోని సకల కార్యములను నడుపు మూలప్రోగ్రామునకు ఆపరేటింగ్ సిస్టము అని పేరు. మన దేశమున నెక్కువ ఫోనులలో గూగుల్ సంస్థవారి ఆండ్రాయిడు పనిచేయుచున్నది. ఐఫోనులలో ఆపిల్ సంస్థవారి ఐఓఎస్ పనిచేయుచున్నది. తెఱ, గంట, కంపనము, బ్యాటరీ అన్నియు ఆపరేటింగ్ సిస్టముయొక్క అధీనములే. ఇతరులు వ్రాసిన ఏ ప్రోగ్రామును తానై గంటను మ్రోగింపజాలదు. మ్రోగింపుమని మనవి చేసికొనవలెను.

మామిడికి అంటుకట్టుట మీలో పెక్కండ్రు చూచియుందురు. నాటు మొక్కకు వేఱొక జాతి కొమ్మను కట్టుదురు. ఆ కొమ్మకు సొంత వేళ్లు లేవు. నాటు మొక్క యిచ్చు సారముతోనే పెరుగును. అయినను తన జాతి పండ్లనే కాయును. కొమ్మ చెడిపోయినచో దానిని కోసివేయవచ్చును, మొక్క చావదు. ఆపరేటింగ్ సిస్టమునకు ఇట్లే కట్టబడిన చిన్న ప్రోగ్రామును ప్లగ్-ఇన్ మాడ్యూలు అందురు. మనము దానిని అంటుమాడ్యూలు అని పిలుచుకొందము.

ప్రతి అంటుమాడ్యూలునకును మూడు లక్షణములు కలవు. మొదటిది, తాను ఎవరో, ఏ పని చేయునో, ఏ అధికారములు కోరుచున్నదో ముందుగా నొక ప్రకటన పత్రములో వ్రాసి యియ్యవలెను. బడిలో చేరునప్పుడు నింపు కాగితమువంటిది అది. దీనికి మానిఫెస్టు అని పేరు. రెండవది, అది తన యిచ్చవచ్చినప్పుడు పని చేయదు. తనకు సంబంధించిన సంగతి జరిగినప్పుడు ఆపరేటింగ్ సిస్టము పిలిచిన, అప్పుడు లేచి పని చేయును. మూడవది, దానికి గడువు కలదు. ఆ గడువులోపల పని ముగించి ఫలితమును తిరిగి అప్పగింపవలెను.

ఈ కట్టుబాట్లు ఒక్కనాడు ఏర్పడినవి కావు. 2008లో వెలువడిన మొదటి ఆండ్రాయిడు ఫోనులోనే పైనుండి క్రిందికి లాగెడి చాటింపుల తెఱ యుండెను. 2009లో ఆపిల్‌వారు దూరపు సర్వరునుండి ఐఫోనునకు వార్తను త్రోయు పద్ధతిని ప్రారంభించిరి. 2011లో ఐఫోనునందు నోటిఫికేషన్ సెంటరు అను చోటు ఏర్పడెను. అందు వాతావరణమును, షేర్ల ధరలను చూపు చిన్న మాడ్యూళ్లు ఉండెడివి. అవి ఆపిల్‌వారు వ్రాసినవి మాత్రమే. ఇతరులకు అనుమతి లేకపోవుటచే, కొందఱు ఫోనుయొక్క తాళమును భేదించి, తమ మాడ్యూళ్లను అందు చొప్పించిరి. ఇవి ఫోను ముఖపుటమును నడుపు ప్రోగ్రాములోపలనే నడచుటవలన, ఒక్క మాడ్యూలు తప్పటడుగు వేసినచో ఆ ముఖపుటమంతయు కూలి మరల మొదలయ్యెడిది. 2014లో ఆపిల్‌వారు ఇతరుల మాడ్యూళ్లకు ద్వారము తెఱచిరి. కాని ప్రతిదానిని వేఱు గదిలో నుంచిరి. గదిలోనివాడు పడిపోయినను ఇల్లు నిలుచును. అంటుకట్టుటలోని సూత్రము అదియే కదా!

2016లో చాటింపులకే ప్రత్యేకమైన అంటుమాడ్యూలు ఐఫోనునకు వచ్చెను. సర్వరునుండి వచ్చిన వార్త తెఱపైకి పోవుటకు ముందు దీని చేతికి వచ్చును. అది ఆ వార్త మాటలను మార్చవచ్చును, బొమ్మను జోడింపవచ్చును, రహస్యలిపిలో నున్నదానిని విప్పవచ్చును. దానికి గడువు సుమారు 30 సెకండ్లు. ఆలోపల ముగింపనిచో, మొదట వచ్చిన వార్తయే యథాతథముగా తెఱపైకి పోవును. కావున సర్వరువారు పంపు మొదటి మాటలు కూడ స్వయముగా అర్థమగునట్లు ఉండవలెను. మాడ్యూలు వచ్చి సరిదిద్దునని అసంపూర్ణమైన వార్తను పంపుట అజాగ్రత్త.

2. పిలుచు హక్కు ఎవరిది

తొలుత ప్రోగ్రాములు ఇష్టానుసారముగా గంట మ్రోగించెడివి. అంగడివారి బేరములు, ఆటల పిలుపులు, స్నేహితుని పుట్టిననాడు, ఏటి వరద అన్నియు ఒక్క ధ్వనితోనే వచ్చెడివి. ఫలితమేమి? వినువారు విసిగి అన్నిటిని ఒక్క వ్రేటున మాన్పివేసిరి. పులి వచ్చెనని ఊరక కేకలు వేసిన పసులకాపరి బాలుని కథ మీరందఱు చదివినదే. పులి నిజముగా వచ్చిననాడు పొలములోని వారెవరును పరుగెత్తి రాలేదు. ఇచట ఆ బాలునికంటె నెక్కువ విచారింపదగిన సంగతి యొకటి కలదు. ఫోనులో వ్యర్థపు కేకలు వేయువాడు ఒకడు, నిజమైన కేక వేయువాడు వేఱొకడు. ఒకని తప్పునకు మఱియొకని మాట వినబడకపోవును.

ఈ కీడును నివారించుటకే 2017లో ఆండ్రాయిడు 8వ రూపమున చానళ్లు అను ఏర్పాటు వచ్చెను. మాడ్యూలు తన చాటింపులను తరగతులుగా విభజించి, ప్రతి తరగతికిని ఒక పేరును, ఒక ప్రాముఖ్యమును ముందుగా చెప్పవలెను. ప్రాముఖ్యము నాలుగు మెట్లుగా నుండును: ధ్వనితో తెఱపైకి ఉబికి వచ్చునది, ధ్వని మాత్రము చేయునది, ధ్వని లేక కనబడునది, పైపట్టీలో సయితము గుఱుతు లేక లోపల ఒదిగియుండునది. ఒకసారి చెప్పిన తరువాత దానిని పెంచుటకు మాడ్యూలునకు అధికారము లేదు. ఫోను యజమాని మాత్రమే మార్చగలడు. 2021లో ఐఫోనులయందును ఇట్టి అంతరములు ఏర్పడినవి. అందు అన్నిటికంటె పైదైన మెట్టు ఫోను మౌనముగా నున్నను మ్రోగును. దానిని వాడుటకు ఆపిల్‌వారి ప్రత్యేకానుమతి కావలెను.

2022లో ఆండ్రాయిడు 13వ రూపము మఱియొక మెట్టు ముందుకు వేసెను. నాటినుండి ఏ క్రొత్త ప్రోగ్రామైనను చాటింపు వేయుటకు యజమానిని మొదట అడుగవలెను. రెండుమారులు వలదన్నచో సిస్టము మూడవమారు అడుగనియ్యదు. కావున ప్రోగ్రాము తెఱచిన మఱుక్షణమున అనుమతి కోరుట తెలివితక్కువ. “మీ మండలమునకు వరద హెచ్చరిక వచ్చినచో తెలుపమందురా?” అని, యజమాని తన మండలమును ఎంచుకొనిన పిమ్మట అడిగినచో, అతనికి ఆ ప్రశ్న అర్థమగును, అర్థమైన ప్రశ్నకు అవుననుట సహజము.

ఈ ఏర్పాటులన్నిటి సారమొక్కటే. పిలుచు హక్కు పిలుచువానిది కాదు, వినువానిది. అతడు నమ్మి మనకు అప్పగించినది.

3. వార్త వచ్చు మార్గము

ఫోను ప్రతి నిమిషమును సర్వరుకడకు పోయి “నాకేమైన వార్త కలదా?” అని అడుగుచుండినచో బ్యాటరీ మధ్యాహ్నమునకే అడుగంటును. అందువలన ఫోను గూగుల్‌వారి సర్వరుతో గాని, ఆపిల్‌వారి సర్వరుతో గాని ఒక్క సంబంధమునే తెఱచియుంచును. అన్ని ప్రోగ్రాముల వార్తలును ఆ ఒక్క త్రోవనే వచ్చును. మన ఊరి ఉత్తరములన్నియు ఒక్క తపాలా సంచిలో వచ్చి, పిదప ఇండ్లకు పంచబడినట్లే యిదియు. ప్రతి ఫోనులోని ప్రతి ప్రోగ్రామునకును టోకెన్ అను చిరునామా యొకటి ఇయ్యబడును. ఈ చిరునామా అప్పుడప్పుడు మాఱును. మాఱినదానిని సర్వరునకు తెలుపుట మాడ్యూలు పని. పాతదానిని కొట్టివేయుట సర్వరు నడుపువారి పని.

ఒక్క సంచి మోయు బరువునకు మితి కలదు. ఈ రెండు సంస్థలును సాధారణముగా ఒక వార్తకు 4096 బైట్లకు మించి అంగీకరింపవు. గడువు సంగతియు మఱువరాదు. ఆండ్రాయిడు వార్తకు గడువు వ్రాయకున్నచో, ఫోను ఆఱిపోయియున్నప్పుడు గూగుల్ సర్వరు దానిని 4 వారములవరకు భద్రపఱచి, ఫోను వెలిగినవెంటనే అందించును. పెండ్లి శుభలేఖకు ఇది మేలు కావచ్చును. నేటి రాత్రి ఏఱు పొంగునను వార్త పది దినములు గడచిన తరువాత, ఎండ కాయుచుండగా మ్రోగినచో, విన్నవాడు మఱునాటినుండి ఆ మాడ్యూలును నమ్మడు.

4. కడెం ఏటి ఉదాహరణము

ఇంతవరకు చెప్పినది ఎందులకు పనికివచ్చునో తెలియుటకు మన సీమలోని ప్రాజెక్టునొకదానిని తలచుకొందము. కడెం ప్రాజెక్టు పూర్వపు ఆదిలాబాదు జిల్లాలోనిది. 2016 అక్టోబరులో జిల్లాలు విభజింపబడిన పిమ్మట నిర్మల్ జిల్లాలో చేరినది. గోదావరిలో కలియు కడెం ఏటిపై ఇది కట్టబడినది. దీనికి 18 గేట్లు కలవు. నిండు నీటిమట్టము 700 అడుగులు. 1958లో, నిర్మాణము ఇంకను సాగుచున్న కాలమున, వరద పైకెక్కి కట్ట తెగినది. 2022 జులైలో 5 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చెను. క్యూసెక్కు అనగా సెకండునకు ఒక ఘనపుటడుగు, అనగా సుమారు 28 లీటర్లు. కావున ఒక్క సెకండులో కోటి నలుబది లక్షల లీటర్ల నీరు వచ్చి పడినదన్న మాట. గేట్లు వదలగలిగినదానికంటె వచ్చునది మిక్కిలి హెచ్చయ్యెను. దిగువ గ్రామముల వారిని సురక్షితమైన చోట్లకు తరలించిరి. 2023 జులైలో మరల గేట్లపైనుండి నీరు పొరలినది.

ఇట్టి రాత్రియందు ఏటి దిగువ నిద్రించు కుటుంబమునకు కావలసినది ఒక్క సరియైన పిలుపు. దానిని వేయునట్టి అంటుమాడ్యూలును వ్రాయవలెననుకొందము.

మొట్టమొదట ఒక నియమము. మాడ్యూలు హెచ్చరికను పుట్టింపరాదు. అధికారులు వెలువరించినదానిని చేరవేయుట మాత్రమే దాని పని. మన దేశమున జాతీయ విపత్తు నిర్వహణ సంస్థకొఱకు సీ-డాట్ అను ప్రభుత్వ పరిశోధన సంస్థవారు సచేత్ అను ఏర్పాటును కల్పించిరి. అందు హెచ్చరికలు సీఏపీ అను లోకమంతటను చెల్లు రూపమున నుండును. 2004లో మొదట ప్రకటింపబడిన యీ రూపమున ప్రతి హెచ్చరికకును నిర్ణీతమైన గడులు కలవు: గుర్తింపు సంఖ్య, పంపినవారు, పంపిన వేళ, గడువు, ప్రాంతము, చేయవలసిన పని మున్నగునవి.

వీనిలో మూడు గడులు మనకు ముఖ్యము. తీవ్రత: అత్యంత తీవ్రము, తీవ్రము, మధ్యమము, స్వల్పము. త్వర: ఇప్పుడే, త్వరలో, మున్ముందు, గడచినది. నిశ్చయము: కంటితో చూచినది, జరుగవచ్చునని గట్టిగా తోచినది, సాధ్యమైనది, జరుగదని తోచినది. ఈ మూటిని కలిపి చూచి మాడ్యూలు ఇట్లు నిర్ణయింపవలెను.

తీవ్రత మొదటి రెండింటిలో నొకటియు, త్వర మొదటి రెండింటిలో నొకటియు, నిశ్చయము మొదటి రెండింటిలో నొకటియు అయినచో గంట మ్రోగవలెను. అమెరికాదేశమున సెల్‌ఫోనులకు పంపు ప్రకృతివిపత్తుల హెచ్చరికలకును ఇట్టి నియమమే కలదు. మూటిలో ఏ యొక్కటి తగ్గినను ధ్వని లేక తెఱపై గనబడవలెను. తీవ్రత స్వల్పమైనచో, లేక త్వర గడచినదైనచో, పట్టికలో చేరి యూరకుండవలెను. మూడు చానళ్లు, మూడు మర్యాదలు.

ఇక మాడ్యూలు పని చేయు క్రమము:

ఒకటి. సిస్టము పిలువగనే వార్తను చదివి, అది నిజమైన హెచ్చరికయా, అభ్యాసమా, పరీక్షయా అని చూడవలెను. సీఏపీలో దీనికి ప్రత్యేకమైన గడి కలదు. నిజమైనది కానిచో అక్కడనే ఆపవలెను.

రెండు. గడువు దాటినదేమో చూడవలెను. దాటినచో మ్రోగింపరాదు.

మూడు. ప్రాంతము యజమాని యెంచుకొన్న మండలముతో కలియునా యని చూడవలెను. ఇందులకు అతడు ఎచ్చటెచ్చట తిరుగుచున్నాడో నిత్యమును కనిపెట్టనక్కఱ లేదు. మండలము పేరు ఒకసారి అడిగిన చాలును. అవసరమునకు మించిన అధికారమును కోరని మాడ్యూలును జనులు నమ్ముదురు.

నాలుగు. గుర్తింపు సంఖ్యను చూడవలెను. ఇది వెనుకటి హెచ్చరికకు సవరణయైనచో, పాతదానిని తీసి దాని చోటనే క్రొత్తదానిని నిలుపవలెను. ఒక్క వరదకు ఏడు చాటింపులు తెఱపై పేరుకొనినచో ఏది కడపటిదో తెలియక చదువువాడు తికమకపడును. రద్దు వచ్చినచో పాతదానిని తొలగించి, అపాయము తొలగెనని ధ్వని లేక తెలుపవలెను.

అయిదు. పై నియమముచొప్పున చానలు నిర్ణయించి, మాటలు కూర్చి, సిస్టమునకు అప్పగించి విశ్రమింపవలెను.

ఇచట ఆండ్రాయిడునకును ఐఫోనునకును ఒక భేదము కలదు. ఆండ్రాయిడులో మాడ్యూలు వార్తను చదివి, చూపవలెనో వలదో తానే నిర్ణయింపగలదు. అయితే మిక్కిలి ముఖ్యమని వ్రాసి పంపిన వార్తలు తఱచుగా తెఱపైకి రాకున్నచో, గూగుల్‌వారు ఆ ప్రోగ్రాము వార్తలకు త్వరను తగ్గింతురు. ఐఫోనులోని మాడ్యూలు వార్తను మార్చవచ్చును గాని, ప్రత్యేకానుమతి లేక దానిని మ్రింగివేయజాలదు. కావున పై అయిదు విచారణలను వీలైనంతవరకు సర్వరులోనే చేసి, తగినవారికి తగిన వార్తనే పంపుట ఉత్తమము.

5. మాటలు, అక్షరములు

కంప్యూటరులో ఆంగ్లాక్షరమునకు 1 బైటు చాలును. తెలుగులో ప్రతి యక్షరభాగమునకును, అనగా హల్లునకు, గుణింతపు గుర్తునకు, పొల్లునకు, వేఱువేఱుగా 3 బైట్లు పట్టును. “వరద” యనుటకు 9 బైట్లు. “నీరు” అనుటకు 12; ఏలయనగా న, ఈత్వము, ర, ఉత్వము అని నాలుగు భాగములు. “స్త్రీ” అను ఒక్క యక్షరమునకు స, పొల్లు, త, పొల్లు, ర, ఈత్వము అని ఆఱు భాగములు, 18 బైట్లు. ఈ లెక్కను 4096 బైట్లలో సుమారు 1365 భాగములు పట్టును. పాత ఎస్ఎంఎస్ సందేశములో ఆంగ్లమున 160 అక్షరములు పట్టగా, తెలుగున 70 భాగములే పట్టును. నిడివి మించెనని మాడ్యూలు కన్ను మూసికొని బైట్ల లెక్కన కోసినచో, అక్షరము నడుమ తెగి, అర్థము లేని గుర్తులు తెఱపై పడును. కోయవలసి వచ్చినచో మాట చివరనే కోయవలెను.

మన సీమలో అందఱును తెలుగువారు కారు. గోండి, కొలామి, మరాఠీ, ఉర్దూ మాటలాడువారు ఆదిలాబాదు పల్లెలలో పెక్కండ్రు. సీఏపీ హెచ్చరికలో ఒక్క వార్తను పలు భాషలలో జతపఱచుటకు వీలు కలదు. యజమాని కోరిన భాషను మాడ్యూలు ఎంచవలెను. ఆదిలాబాదు జిల్లాలోని గుంజాల గ్రామమున వ్రాతప్రతులలో దొరకిన గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్ అను అంతర్జాతీయ అక్షరపట్టికలో చేరినది. ఆ లిపిలో ఒక్కొక్క భాగమునకు 4 బైట్లు పట్టును. పట్టికలో చేరినంతమాత్రమున పని తీఱదు. ఫోనులో ఆ లిపి అచ్చుమూస, అనగా ఫాంటు, లేనిచో అక్షరములకు మాఱుగా ఖాళీ గడులు గనబడును. కావున మాడ్యూలు పంపక మునుపే ఫోనులో ఆ ఫాంటు కలదో లేదో తెలిసికొనవలెను.

ఇక వాక్యము. తాళము వేసిన తెఱపై మొదటి ఒకటి రెండు పంక్తులే కనబడును. “గౌరవనీయులైన ప్రజలకు తెలియజేయునది యేమనగా” అని మొదలుపెట్టినచో ఆ రెండు పంక్తులును మర్యాదలతోనే ముగియును. చోటు పేరు మొదట, అపాయము తరువాత, వేళ పిమ్మట, చేయవలసిన పని కడపట. ఈ వ్యాసము గ్రాంథికమున నున్నను, హెచ్చరిక మాత్రము వాడుకమాటలలోనే యుండవలెను. పాఠముకొఱకు కల్పించిన మాదిరి యిది: “కడెం వాగుకు పెద్ద వరద. రాత్రి 2 గంటలకు గేట్లు ఎత్తుతారు. ఒడ్డున ఉన్నవాళ్లు ఇప్పుడే ఊరి బడికి రండి.” నిద్రనుండి లేచిన అవ్వకు మనుమడు చదివి వినిపించినను ఇందు అర్థము కానిది లేదు.

6. పరీక్ష

మాడ్యూలు వ్రాసి ముగించితినని సంతోషించుటకు ముందు దానిని పలు విధముల పరీక్షింపవలెను. ఫోనును విమాన పద్ధతిలో నుంచి, గంట తరువాత వెలుపలికి తీసి, గడువు దాటిన వార్త మ్రోగకుండుట చూడవలెను. ఒక్క వార్తను రెండుమారులు పంపి, ఒక్కమారే గనబడుట చూడవలెను. సవరణను, రద్దును పంపి చూడవలెను. అక్షరములను పెద్దవిగా పెట్టుకొను వృద్ధుల ఫోనులో మాటలు తెగకుండుట చూడవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, అభ్యాసమని గుర్తు గల వార్త నిజమైనదానివలె మ్రోగకుండుట చూడవలెను.

ఈ కడపటి పరీక్ష యెంత ముఖ్యమో హవాయీ ద్వీపముల సంగతి తెలుపును. 2018 జనవరి 13వ తేదీ ఉదయమున, అభ్యాసపు సమయమున జరిగిన పొరపాటువలన, క్షిపణి వచ్చుచున్నదను హెచ్చరిక అచటి ఫోనులన్నిటికిని పోయెను. అది నిజము కాదను సవరణ ఫోనులకు చేరుటకు 38 నిమిషములు పట్టెను. అంతసేపును తల్లిదండ్రులు బిడ్డలను ఎచ్చట దాచవలెనో తెలియక అల్లాడిరి. హెచ్చరికను పంపు మార్గమును సిద్ధముచేసి, దానిని వెనుకకు తీసికొను మార్గమును సిద్ధము చేయకుండుట యెంతటి లోపమో దీనివలన తెలియును.

7. అంటుమాడ్యూలు చేయలేనిది

మాడ్యూలును పొగడుచు దాని కొఱతను దాచుట సరికాదు. ఇంటర్నెట్టు లేనిచోట అది మూగ. వరద రాత్రులలో మొదట తెగునది తఱచుగా ఆ తీగయే. అందులకై సెల్ బ్రాడ్‌కాస్ట్ అను వేఱు పద్ధతి కలదు. అందు టవరు తన పరిధిలోని ఫోనులన్నిటికిని ఒక్కసారిగా కేక వేయును. ఫోను నంబరులు గాని, ప్రోగ్రాములు గాని, ఇంటర్నెట్టు గాని అక్కఱ లేదు. 2023లో మన దేశమంతటను దీనిని పరీక్షించుటకు టెలికాం శాఖవారు మాదిరి సందేశములను పంపగా, ఫోనులు పెద్ద ధ్వనితో మ్రోగుట పెక్కండ్రకు జ్ఞాపకముండును. ఆ పనిని ఆపరేటింగ్ సిస్టమే స్వయముగా చేయును. అంటుమాడ్యూలునకు అందు చోటు లేదు. టవరే పడిపోయినచో అదియు లేదు. అప్పుడు మిగులునది డప్పును, మనిషియును. కావున క్రొత్త చాటింపు వచ్చెనని పాత చాటింపును చిన్నచూపు చూడరాదు.

బైబిలులో యెహెజ్కేలు గ్రంథము 33వ అధ్యాయమున కావలివాని ఉపమానము కలదు. కత్తి వచ్చుట చూచియు బూర యూదని కావలివానిపై, నశించినవారి ప్రాణములకు లెక్క యడుగబడునని అందలి భావము. మాడ్యూలు వ్రాయువాడును కావలివాడే. అయితే నేటి కావలివానికి రెండు బాధ్యతలు. ఊదవలసినప్పుడు ఊదుట యొకటి. ఊదరానప్పుడు ఊదక, బూరయొక్క విలువను కాపాడుట రెండవది. అంగడి బేరములకు వరద గంటను మ్రోగించువాడు నేడు ఎవరిని చంపలేదు. కాని మఱియొక రాత్రి ఒక యింటివారు ఆ గంటను విని, మరల ప్రక్కకు తిరిగి పండుకొనుటకు కారకుడగుచున్నాడు.

మీలో కొందఱు ముందుముందు ఇట్టి ప్రోగ్రాములను వ్రాయుదురు. లక్షలకొలది ఫోనుల గంటలు మీ చేతిలో నుండును. గంటత్రాడు పట్టుకొనిన ప్రతిసారియు, దాని రెండవ కొన నొక నిద్రించు కుటుంబము కలదని తలచుడు.

అభ్యాసము

1. “గోదావరి” అను పదమునకు ఎన్ని భాగములు, ఎన్ని బైట్లు? “రాష్ట్రము” అను పదమునకు ఎన్ని?

2. మీ బడికి సంబంధించిన చాటింపులను పది వ్రాసి, వానిని మూడు చానళ్లుగా విభజింపుడు. మొదటి చానలులో మూడింటికంటె నెక్కువ యున్నచో మరల ఆలోచింపుడు.

3. పిడుగుపాటు హెచ్చరికను తెలుగు వాడుకమాటలలో, 70 భాగములకు మించకుండ వ్రాయుడు. చోటు, వేళ, చేయవలసిన పని మూడును అందుండవలెను.

4. పరీక్షా ఫలితమును తాళము వేసిన తెఱపై పూర్తిగా చూపుట మంచిదా? కారణములతో వ్రాయుడు.

5. మీ యింటి పెద్దలను అడిగి, పూర్వము మీ ఊరిలో వరదను, అగ్నిప్రమాదమును ఎట్లు చాటెడివారో తెలిసికొని, దానికిని నేటి పద్ధతికిని గల పోలికలను పట్టికగా కూర్చుడు.